ఉచితం అంటే ఊరుమ్మడి కాదు

"ఫ్రీ" అన్న మాట కనబడగానే మన బుర్ర పనిచెయ్యడం మానేస్తుంది. గుళ్ళో ప్రసాదం పంచుతుంటే చెయ్యి చాపినట్టు చాపేస్తాం. ఇచ్చేదెవరు, ఎందుకిస్తున్నారు, ఏ షరతు మీద ఇస్తున్నారు అని అడగం. ఈ అలవాటు మీద హేతువాదులు ఇప్పటికే చాలా రాశారు. ఈ టపాలో నేను రాయబోయేది ప్రసాదం గురించి కాదు లెండి. వ్యాపార సైట్ల అడుగున ఉండాల్సిన, చాలాచోట్ల లేకుండా పోతున్న, ఒకే ఒక్క వరుస గురించి.

తెలియనివారి కోసం ముందు రెండు ముక్కలు. వెబ్‌సైటుకి గానీ బ్లాగుకి గానీ పైరూపం ఇచ్చే తయారు నమూనాని థీమ్ అంటారు. బ్లాగర్ వాడేవాళ్ళకి అది టెంప్లేట్. రంగులు, అక్షరాల సైజు, మెనూ ఎక్కడ రావాలి, ఫోన్‌లో చూస్తే పేజీ ఎలా సర్దుకోవాలి, ఇవన్నీ ఎవరో ఒక డిజైనరు కూర్చుని రాసిన కోడ్. ఇలాంటివి వేలకొద్దీ ఉచితంగా దొరుకుతాయి. వాటిలో కొన్నిటికి ఒక షరతు ఉంటుంది. పేజీ అడుగున, అంటే ఫుటర్‌లో, "ఈ డిజైన్ ఫలానావారిది" అనే వరుసని వారి సైటు లింకుతో సహా ఉంచాలి, తియ్యకూడదు.

ఇక మన ఢిల్లీ చుట్టుపక్కల చూడండి. లక్ష్మీనగర్‌లో సీఏ కోచింగ్ చెప్పేవాళ్ళు, నోయిడాలో ఫ్లాట్లు అమ్మిపెట్టేవాళ్ళు, గుర్‌గావ్‌లో బరువు తగ్గే సలహాలు ఇచ్చేవాళ్ళు, వంటల బ్లాగు మీద ప్రకటనల డబ్బు సంపాదించుకునేవాళ్ళు, అందరికీ ఒక సైటు కావాలి. దాన్ని తక్కువ ఖర్చులో చేసిపెట్టే కుర్రాళ్ళకీ కొదవ లేదు. వాళ్ళు ఉచిత థీమ్ దించుకుంటారు, పేరు మారుస్తారు, ఫోన్ నంబరు పెడతారు. ఆ తర్వాత చేసే పని ఆ అడుగు వరుస లేపెయ్యడం. అది ఎలా లేపెయ్యాలో నేర్పే వీడియోలు కూడా ఉన్నాయి. పైగా ఖాళీ అయిన ఆ చోట "అన్ని హక్కులూ మావే" అని కొత్త వరుస వెలుస్తుంది!

నా వాదన ఇది. పేరు ఉంచాలన్న షరతు మీద ఇచ్చిన థీమ్ తీసుకుని, దానితో వ్యాపారం చేసుకుంటూ, ఆ పేరు తుడిచెయ్యడమంటే సరుకు సంచిలో వేసుకుని డబ్బు ఇవ్వకుండా దుకాణం మెట్లు దిగిపోవడమే. దీనికి ఒక అనుబంధం ఉంది. అసలు ఆ షరతు ఉందా లేదా అన్నది లైసెన్సు చదివి తేల్చుకోవాలి, ఎవరో చెప్పారని నమ్మకూడదు. మొదటి మాట వ్యాపారులకి నచ్చదు. రెండో మాట థీములు చేసేవాళ్ళలో కొందరికి నచ్చదు. ఇద్దరికీ కలిపే రాస్తున్నాను.

ప్రతిఫలం అంటే నోట్లే కాదు

నేను బీకాం చదివి, రక్షణ ఖాతాల శాఖలో బిల్లులు, ఓచర్లు చూసి రిటైరైనవాణ్ణి. కోడ్ రాయడం నాకు రాదు. కానీ ఈ తగాదా తేల్చడానికి కోడ్ రానక్కర్లేదు, బీకాంలో చదివిన వాణిజ్య న్యాయం చాలు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 2వ సెక్షన్‌లో ప్రతిఫలం అంటే ఏమిటో చెప్పారు. ఆ నిర్వచనంలో డబ్బు ప్రసక్తే లేదు. మాట ఇచ్చినవాడి కోరిక మీద ఎదుటివాడు ఒక పని చేసినా, ఒక పని చెయ్యకుండా మానుకున్నా అది ప్రతిఫలమే. నూట యాభై ఏళ్ళ తర్వాత కూడా ఆ ఆలోచన మారలేదు. 2017 నాటి జీఎస్టీ చట్టం కూడా ప్రతిఫలం డబ్బు రూపంలో ఉండొచ్చు, మరో రూపంలోనూ ఉండొచ్చు అంటుంది. వస్తుమార్పిడిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

"నా పేరు తియ్యకుండా ఉంచు, నీకు ఈ థీమ్ ఇస్తాను" అన్నది ఈ లెక్కన పక్కా బేరం. ఆ వరుసే ధర. ఇది నా ఊహ అనుకునేవాళ్ళు థీములిచ్చే చోట్లకి వెళ్ళి చూడండి. కలర్‌లిబ్ అనే సంస్థ తన ఉచిత టెంప్లేట్లలో అడుగు లింకు తియ్యకూడదని కోడ్ లోపలే రాస్తుంది, తియ్యాలంటే డబ్బు కట్టి అనుమతి తీసుకోమంటుంది. హెచ్‌టీఎమ్‌ఎల్‌5 అప్ అనే సైటులో నమూనాలన్నీ పేరు చెప్పాలన్న షరతు మీద ఉచితం. పేరు చెప్పడం ఇష్టం లేనివాళ్ళ కోసం అదే డిజైనరు పిక్సెలారిటీ అనే మరో సైటులో డబ్బుకి అమ్ముతాడు. అంటే పేరుతో ఒక ధర, పేరు లేకుండా ఇంకో ధర. రెండు ధరలూ బోర్డు మీద రాసి ఉన్నాయి. పేరు తుడిచేసి ఉచితంగా వాడుకునేవాడు ఆ రెండిట్లో ఏదీ చెల్లించలేదు. నేను ఉద్యోగంలో ఉండగా ఇలాంటి కాగితం బల్ల మీదకి వస్తే "సరుకు ముట్టింది, చెల్లింపు ఏదీ?" అని ఎర్రసిరాతో రాసి వెనక్కి పంపేవాణ్ణి.

మా బంధువుల కుర్రాడొకడు ఇలాంటి సైట్లు చేసిపెడుతుంటాడు. "బాబాయ్, ఫ్రీ డౌన్‌లోడ్ అని అంత లావు బటన్ పెట్టి, కింద చిన్న అక్షరాల్లో షరతు రాస్తే తప్పు వాళ్ళది కాదా?" అన్నాడు. "ఫ్లాటు కాగితాల్లో చిన్న అక్షరాలు చదవలేదని మీ నాన్న ఈఎంఐ కట్టడం మానేశాడట్రా?" అన్నాను. నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. మర్నాడు ఇంకో రెండు వాదాలు పట్టుకొచ్చాడు. వాటి సంగతి కింద చెప్తాను.

చదవకుండా తీర్పు చెప్పొద్దు

అడుగు వరుస తీసినవాళ్ళందరూ దొంగలేనా? కాదు. ఇక్కడే చాలామంది రెండు వైపులా పొరబడతారు. నేను చూసినంతలో ఉచిత థీములు నాలుగు రకాలు.

ఒకటి, జీపీఎల్ లైసెన్సు కింద ఇచ్చినవి. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ ఈ లైసెన్సు కిందే ఉంది. దాని అధికారిక జాబితాలో చేరాలంటే థీమ్ కూడా జీపీఎల్‌తో పొసగాలి. తీసుకున్న కోడ్‌ని తన అవసరం కొద్దీ మార్చుకునే స్వేచ్ఛ ఈ లైసెన్సు వాడుకరికి ఇస్తుంది. అడుగున కనబడే లింకు తియ్యడం కూడా అలాంటి మార్పే. కాబట్టి ఈ జాబితాలో థీమ్ తీసుకుని వరుస తీసేసిన కోచింగ్ సెంటరుని నేను దొంగ అనను. ఉంచితే మర్యాద, తీస్తే అతని హక్కు. అయితే ఆ కోడ్‌ని మరొకరికి ఇచ్చేటప్పుడు ఫైళ్ళ లోపల ఉన్న కాపీరైట్ ప్రకటనలు చెరపకూడదు. ఇంకో మెలిక కూడా ఉంది. 2009లో వర్డ్‌ప్రెస్ వారు సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ అనే న్యాయసంస్థ అభిప్రాయం తీసుకున్నారు. థీమ్‌లో పీహెచ్‌పీ కోడ్ జీపీఎల్ కిందికే వస్తుంది, బొమ్మలూ సీఎస్ఎస్ ఫైళ్ళూ రావాల్సిన అవసరం లేదు అన్నది అందులో సారాంశం. అంటే ఒకే థీమ్‌లో రెండు రకాల షరతులు ఉండొచ్చు. 2007లో వచ్చిన జీపీఎల్ మూడో కూర్పు అయితే, సమంజసమైన పేరు ప్రకటన ఉంచమని అదనపు షరతు పెట్టుకోవడానికి కూడా వీలిస్తుంది.

రెండు, క్రియేటివ్ కామన్స్ వారి సీసీ బై లైసెన్సు కింద ఇచ్చినవి. వ్యాపారానికి వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, కానీ కర్త పేరు చెప్పి తీరాలి. చెప్పకపోతే లైసెన్సు దానంతటదే రద్దవుతుంది. నాలుగో కూర్పులో మాత్రం, తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిచేసుకుంటే హక్కు తిరిగి వస్తుంది. అయితే పేరు ఎక్కడ, ఏ సైజులో అన్నది ఈ లైసెన్సు పట్టుబట్టదు, మాధ్యమానికి తగినట్టుగా సమంజసమైన పద్ధతిలో చెప్తే చాలంటుంది. 2015లో అమెరికాలో ఒక కేసు జరిగింది. ఇలాంటి లైసెన్సు మీద ఇచ్చిన ఫొటోని ఒక ప్రచురణకర్త అట్లాసు ముందు అట్ట మీద వేసి, ఫొటో తీసినాయన పేరు వెనక అట్ట మీద వేశాడు. అది చాలు అంది కోర్టు. కనక "మా లింకు ఫుటర్‌లోనే ఉండాలి, అక్షరం కదపకూడదు" అని సీసీ బై పేరు చెప్పి బెదిరించే డిజైనర్లు కూడా ఒకసారి తమ లైసెన్సు తాము చదువుకుంటే మంచిది.

మూడు, కర్త సొంతంగా రాసుకున్న షరతులు. బ్లాగర్ టెంప్లేట్లు చాలావరకు ఈ రకం. "సొంత బ్లాగుకి ఉచితం, వ్యాపారానికైతే కొనుక్కోండి, అడుగు వరుస తియ్యొద్దు" అని ఉంటుంది. ఇక్కడ జీపీఎల్ స్వేచ్ఛా లేదు, సీసీ బై వెసులుబాటూ లేదు. ఆ షరతే షరతు.

నాలుగు, ఏ షరతూ రాయనివి. "ఏమీ రాయలేదు కాబట్టి ఏమైనా చేసుకోవచ్చు" అనుకోవడం శుద్ధ తప్పు. మన 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచనకి రక్షణ దొరకడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, నోటీసు రాయక్కర్లేదు. కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా ఆ చట్టం లెక్కలో సాహిత్య రచనే. లైసెన్సు కనబడకపోతే అనుమతి లేనట్టే లెక్క.

మా కుర్రాడి వాదాలు, ఇతర వాదాలు

"అందరూ తీసేస్తున్నారు బాబాయ్" అన్నది మొదటి వాదం. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగాడన్న వదంతి మన ఢిల్లీ గుడిలోనే మొదలై ఒక్కరోజులో దేశమంతా పాకింది. చెంబులు పట్టుకుని అందరూ నిలబడ్డారు. ఎంతమంది నిలబడ్డారన్నది రాతి విగ్రహం పాలు తాగిందనడానికి రుజువు అయిందా? తలతన్యత, కేశనాళికత అనే భౌతిక సూత్రాలు జనసంఖ్య చూసి మారలేదు. అలాగే ఎంతమంది తీసేశారన్నది షరతు లేదనడానికి రుజువు కాదు.

"చిన్న వరుసే కదా, దానికి విలువేముంది?" అన్నది రెండోది. ఇదే ప్రశ్న అమెరికాలో కోర్టు దాకా వెళ్ళింది. రాబర్ట్ జాకబ్‌సన్ అనే ఆయన కాలిఫోర్నియాలో భౌతికశాస్త్ర ఆచార్యుడు. బొమ్మ రైళ్ళు నడిపే అభిరుచి ఉన్నవాళ్ళ కోసం మరికొందరితో కలిసి సాఫ్ట్‌వేర్ రాసి ఉచితంగా ఇచ్చాడు. రాసినవాళ్ళ పేర్లు, కాపీరైట్ ప్రకటన, మూలం ఎక్కడిదో, ఏమి మార్చారో చెప్పాలన్నది షరతు. మాథ్యూ కాట్జర్ అనే వ్యాపారి అందులోని ఫైళ్ళు తీసుకుని, ఆ పేర్లు లేకుండా తన సరుకులో కలిపి అమ్ముకున్నాడు. ఇది మహా అయితే ఒప్పందం తప్పడమే గానీ కాపీరైట్ ఉల్లంఘన కాదంది కింది కోర్టు. 2008 ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. డబ్బు చేతులు మారలేదు కాబట్టి ఆర్థిక ప్రయోజనం లేదనుకోవడం పొరపాటు, పేరు వల్ల గుర్తింపు వస్తుంది, వాడేవాళ్ళు పెరుగుతారు, అది విలువే అంది. చివరికి 2010లో కాట్జర్ వైపు నుంచి లక్ష డాలర్లు చెల్లించే రాజీ కుదిరింది. "చిన్న వరుస" ఖరీదు అదీ.

"అది అమెరికా, ఇక్కడ ఎవడు పట్టించుకుంటాడు?" అన్నది మూడోది. పట్టించుకున్న సందర్భం మన ఢిల్లీలోనే ఉంది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ విజ్ఞాన భవన్ గోడకి చేసిన భారీ కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఆయనకి చెప్పకుండానే పీకి గోదాములో పడేశారు. ఆయన 1992లో కేంద్ర ప్రభుత్వం మీద దావా వేశారు. 2005 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు శిల్పాన్ని ఆయనకి తిరిగి ఇవ్వమని, 5 లక్షల రూపాయల నష్టపరిహారం చెల్లించమని తీర్పిచ్చింది. డబ్బు పెట్టి చేయించుకున్నది ప్రభుత్వమే, శిల్పం ప్రభుత్వానిదే, అయినా చేసినవాడికి హక్కు మిగిలే ఉంటుందని దాని సారం. ఆ కేసు శిల్పాన్ని పాడుచెయ్యడం గురించి, పేరు గురించి కాదు, నిజమే. కానీ తీర్పుకి ఆధారమైన కాపీరైట్ చట్టం 57వ సెక్షన్‌లో కర్తకిచ్చిన హక్కులు రెండు. రచనని చెడగొడితే అడ్డుకునే హక్కు రెండోది. "ఇది నాది" అని చెప్పుకునే హక్కు మొదటిది.

అక్కడితో ఆగలేదు. 2012లో చట్టాన్ని సవరించి 65బి అనే సెక్షన్ చేర్చారు. హక్కుల నిర్వహణ సమాచారాన్ని అనుమతి లేకుండా, తెలిసి తెలిసి తీసేసినా మార్చినా రెండేళ్ళ దాకా జైలు, పైన జరిమానా. ఏమిటా సమాచారం? రచనని గుర్తించే వివరాలు, కర్త పేరు, హక్కుదారు పేరు చిరునామా, వాడుక షరతులు. ఇవి నేను కలిపి చెప్తున్నవి కావు, నిర్వచనంలో ఉన్నవే. ఒకసారి ఫుటర్ వరుస చదివి, పక్కనే ఈ నిర్వచనం చదవండి. మిగతాది మీకే బోధపడుతుంది.

మన ప్రభుత్వమే తన గణాంకాలు ఉచితంగా ఇచ్చేటప్పుడు ఏమంటోందో చూడండి. 2017లో ప్రకటించిన ప్రభుత్వ ఓపెన్ డేటా లైసెన్సు ప్రకారం ఆ గణాంకాలని వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. కానీ మూలం చెప్పాలి. ఎవరి సరుకో చెప్పి వాడుకోమనడం గొంతెమ్మ కోరికేమీ కాదన్నమాట.

"అడుగున వేరేవాడి పేరుంటే మా కస్టమరు నమ్మడు" అన్నది నాలుగో వాదం. దీని అర్థం ఏమిటో చెప్పేవాళ్ళు ఆలోచించినట్టు లేదు. నిజం తెలిస్తే కస్టమరు నమ్మడు కాబట్టి నిజం దాచాలి అంటున్నారు! బాబాలు కూడా సరిగ్గా ఇదే చెప్తారు. విభూతి ఎక్కడ్నుంచి వచ్చిందో తెలిస్తే భక్తుడు నమ్మడు కాబట్టి చొక్కా చెయ్యి పొడుగ్గా కుట్టించుకోవాలి. ఉచిత థీమ్ వాడటంలో పరువు తక్కువేమీ లేదు. డబ్బు లేనివాడు వాడుకోవాలనే అవి పెట్టారు. పరువు తక్కువ ఎక్కడంటే, ఆడిటింగు పాఠం చెప్పే కోచింగ్ సెంటరు తన సొంత గుమ్మం మీదే తప్పుడు లెక్క రాసుకోవడంలో.

రెండో పక్కన ఉన్న తప్పు

ఇంతవరకు చదివి డిజైనర్లు చప్పట్లు కొడుతుంటే కాస్త ఆగండి. అడుగు వరుస పేరుతో జరిగిన మోసాలు కూడా తక్కువేం కాదు.

2000ల మధ్యలో స్పాన్సర్డ్ థీములని ఒక వ్యాపారం నడిచింది. గూగుల్ వెతుకులాటలో పైకి రావాలంటే ఎన్నో సైట్ల నుంచి లింకులు కావాలి. అందుకని కొందరు డిజైనర్లకి డబ్బిచ్చి, ఉచిత థీముల అడుగున జూదం సైట్లకీ అప్పులిచ్చే కంపెనీలకీ లింకులు పెట్టించారు. వంటల బ్లాగు పెట్టుకున్న అమాయకుడికి తన పేజీ అడుగున పేకాట సైటు ఎందుకుందో అర్థం కాదు. 2007లో వర్డ్‌ప్రెస్ వారు ఇలాంటి థీముల్ని తమ జాబితాలోకి రానివ్వకుండా తలుపు మూశారు. మరికొందరు ఇంకా తెలివిమీరి, ఫుటర్ కోడ్‌ని మామూలు కంటికి అర్థం కాని గజిబిజి అక్షరాల్లోకి మార్చి దాచారు. అందులో ఏముందో తెలియదు, తీస్తే సైటే పనిచెయ్యదు. కొన్ని బ్లాగర్ టెంప్లేట్లలో వరుస తియ్యగానే మీ పాఠకుణ్ణి ఏకంగా డిజైనరు సైటుకి లాక్కుపోయే స్క్రిప్టు ఉంటుంది.

పేరు అడగడం న్యాయం. పేరు ముసుగులో మూడోవాడి ప్రకటన అమ్మడం, కోడ్ దాచడం అన్యాయం. షరతు అనేది ఒప్పుకునేవాడికి ముందే కనబడాలి, అర్థం కావాలి. మంత్రం చెప్పి అర్థం అడగొద్దనే పురోహితుడికీ, కోడ్ ఇచ్చి లోపల చూడొద్దనే డిజైనరుకీ తేడా నాకు కనబడదు.

షరతు మరీ భారమైనా మాట్లాడొచ్చు. బెర్క్‌లీ విశ్వవిద్యాలయం తన బీఎస్‌డీ సాఫ్ట్‌వేర్‌కి పాత రోజుల్లో ఒక షరతు పెట్టింది. దాన్ని ప్రస్తావించే ప్రతి ప్రకటనలోనూ విశ్వవిద్యాలయం పేరు చెప్పాలి. అది చూసి మిగతావాళ్ళు తలా ఒకరు తమ పేర్లు చేర్చడం మొదలెట్టారు. 1997 నాటి నెట్‌బీఎస్‌డీలో ఇలాంటి వాక్యాలు 75 లెక్కపెట్టానని రిచర్డ్ స్టాల్‌మన్ రాశాడు. 75 పేర్లతో ప్రకటన వెయ్యడం ఎవరి వల్ల అవుతుంది? ఆయనా, మరికొందరూ బహిరంగంగా వాదించారు. 1999లో బెర్క్‌లీ ఆ షరతు ఎత్తేసింది. తప్పుడు షరతుని ఎదుర్కొనే పద్ధతి అది. ఒప్పుకున్నట్టు నటించి చాటుగా చెరిపెయ్యడం ఎదుర్కోవడం కాదు. షరతు నచ్చలేదా, ఆ థీమ్ తీసుకోకండి. ఇంకోటి ఉంది, ఇంకో వంద ఉన్నాయి.

చాటుమాటు దారిలో ప్రమాదం కూడా ఉంది. డబ్బుకి అమ్మే థీముల్ని తాళం తీసి ఉచితంగా పంచే సైట్లు ఉన్నాయి. 2019లో వర్డ్‌ఫెన్స్ అనే భద్రతా సంస్థ డబ్ల్యూపీ-వీసీడీ అనే దొంగ కోడ్ గురించి నివేదిక ఇచ్చింది. అది పాకిన దారి ఇలాంటి తాళం తీసిన థీములే. ఒకప్పుడు నెహ్రూ ప్లేస్ పేవ్‌మెంట్ మీద సీడీలు కొన్నవాళ్ళకి ఈ కథ కొత్తేమీ కాదు. సాఫ్ట్‌వేర్‌తో పాటు వైరస్ ఉచితం.

ఇది హేతువాదులకెందుకు?

"దేవుడు, దెయ్యం, జాతకం వదిలేసి ఈ ఫుటర్ గొడవ మనకెందుకండీ" అని అడిగేవారుంటారు. చెప్తాను.

మనం రోజూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఆధారం ఏది? ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు, ఎప్పుడు చెప్పారు? పేరు లేని ఫార్వర్డు వస్తే నమ్మొద్దంటాం. ఐన్‌స్టీన్ అన్నాడని ఏదో వాక్యం తిప్పితే మూలం చూపించమంటాం. పేజీ అడుగున ఉన్న వరుస కూడా అలాంటి మూలమే. ఈ రూపం ఎవరు చేశారో చెప్పే ఆధారం అది. ఇతరుల్ని ఆధారం అడిగేవాడు తన ఇంట్లో ఆధారం చెరిపేస్తే అతని ప్రశ్నకి విలువ ఏముంటుంది?

మన భాషలో ఇది కొత్త మర్యాద కూడా కాదు. పాత కావ్యాల్లో ఆశ్వాసం ముగిసినచోట ఒక గద్య ఉంటుంది. కవి ఎవరు, ఎవరి కొడుకు, కావ్యం పేరేమిటి, ఇది ఎన్నో ఆశ్వాసం, అన్నీ అందులో చెప్తారు. తాటాకుల మీద నకళ్ళు రాసిన లేఖకుల్లో కూడా కొందరు చివర్న తమ పేరు రాసుకున్నారు. ఫుటర్ క్రెడిట్ అని ఇప్పుడు మనం ఇంగ్లీషులో పిలుచుకునేది అదే.

అది లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి మన వేమన చాలు. బ్రౌన్ దొర వెతికి 1829లో అచ్చు వేయించినప్పటి నుంచీ, అంతకు ముందునుంచీ కూడా, ఆయన పద్యాలకి మకుటం తప్ప వేరే ఆనవాలు లేదు. మకుటం ఎవరైనా తగిలించుకోవచ్చు. అందుకే ఆయన పేరున చెలామణి అయ్యే పద్యాల్లో ఏవి ఆయనవో, ఏవి తర్వాతివాళ్ళు కట్టినవో తేలడం లేదు. మూఢాచారాన్ని ఎండగట్టిన పద్యం పక్కనే దానికి పూర్తి విరుద్ధమైన పద్యం అదే మకుటంతో కనబడుతుంది. మనం ఒకటి చదివితే ఎదుటివాడు ఇంకోటి చదువుతాడు. కర్తృత్వం పోగొట్టుకున్న సమాజం చెల్లించే మూల్యం ఇది.

తెలుగులో రాసే మనం ఉచితంగా ఇచ్చినవాళ్ళ భుజాల మీదే నిలబడి ఉన్నాం. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. వాటితో చదివినవాళ్ళలో, రాసినవాళ్ళలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో జీతం లేకుండా రాసేవాళ్ళు వ్యాపారానికి కూడా వాడుకోనిస్తున్నారు. మూలం చెప్పమని, దాని మీద అల్లుకున్నది కూడా అదే లైసెన్సు కింద ఇవ్వమని మాత్రమే అడుగుతున్నారు. ఆ మాత్రం చెప్పకుండా పేరాలకి పేరాలు ఎత్తుకుపోయి ప్రకటనల మధ్య అచ్చు వేసుకుంటే, రేపు రాయడానికి కూర్చునేవాడికి ఏమి మిగులుతుంది? ఇచ్చేవాడు ఇవ్వడం మానేసిన రోజున నష్టపోయేది డబ్బున్న కంపెనీ కాదు, అది ఇంకో డిజైనరుని పెట్టుకుంటుంది. ఉచితంగా ఇస్తే తప్ప సైటు పెట్టుకోలేని చిన్న సంఘం, చిన్న పత్రిక, ఊరి గ్రంథాలయం, వీళ్ళే నష్టపోతారు. మన హేతువాద సంఘాలు కూడా ఆ వరుసలోనే ఉన్నాయి.

ఏం చెయ్యాలి?

సైటు పెట్టుకునేవాళ్ళకి, పెట్టించుకునేవాళ్ళకి ఒక పాత లెక్కల గుమాస్తా చెప్పే పద్ధతి ఇది. థీమ్ దించుకున్న రోజే దానితో వచ్చిన లైసెన్సు ఫైలు తెరవండి. వర్డ్‌ప్రెస్ అయితే స్టైల్ ఫైలు మొదట్లోనే లైసెన్సు పేరు ఉంటుంది. ఎక్కడ్నుంచి, ఏ తేదీన, ఏ షరతు మీద తీసుకున్నారో రాసి, ఆ పేజీ నకలు దాచుకోండి. అది మీ ఓచర్. వరుస ఉండాలని రాసి ఉంటే ఉంచండి. వద్దనుకుంటే డబ్బు కట్టి రసీదు పుచ్చుకోండి. సమంజసంగా ఎక్కడైనా చెప్పొచ్చు అని ఉంటే "మా గురించి" పేజీలో శుభ్రంగా చెప్పండి. తీసెయ్యొచ్చని ఉంటే నిశ్చింతగా తీసెయ్యండి, ఎవరి బెదిరింపుకీ లొంగక్కర్లేదు. ఏమీ రాయకపోతే అడగండి, జవాబు రాకపోతే వదిలెయ్యండి. సైటు చేసిపెట్టే కుర్రాడికి డబ్బు ఇచ్చేముందు "ఈ థీమ్ లైసెన్సు ఏమిటి బాబూ" అని అడగండి. నీళ్ళు నమిలితే బిల్లు ఆపండి. బాధ్యత అతనిది అనుకోవద్దు, సైటు మీ పేరు మీద ఉంది.

జ్యోతిష్యుడి సైటు, మన సైటు ఒకే ఉచిత థీమ్ మీద నడవొచ్చు. చూపులకి రెండూ ఒకేలా ఉండొచ్చు. మన పేజీ అడుగున మాత్రం చేసినవాడి పేరు ఉండాలి, షరతు ఉన్నంతకాలం.

విభేదించేవారు తప్పకుండా వ్యాఖ్య రాయండి. మీ థీమ్ లైసెన్సు పక్కన పెట్టుకుని రాయండి, చాలు.